నలభై ఎనిమిదో కార్డు

మా నిఘంటువు ఆఫీసులో అందరూ ఆమెను కార్డులక్క అనేవారు. అసలు పేరు జీతాల పట్టీలో ఉండేది గానీ, ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా ఓ క్షణం తటపటాయించి పలికేది. ఇరవై మూడేళ్ళుగా ఆమెది ఒకటే పని. అచ్చయిన పుస్తకాలు చదువుతూ పోవడం, ఏదైనా మాట ఒక వాక్యంలో ప్రాణంతో కనబడితే ఆ వాక్యాన్ని అరచేయంత కార్డు మీదకు ఎత్తి రాయడం, ఆ మాట పేరున్న సొరుగులో కార్డును పడుకోబెట్టడం. ఆ సొరుగులు మా హాలుకు మూడు వైపులా నేల నుంచి కప్పు దాకా ఉండేవి. నేను అక్కడ టైపిస్టును. ఆమె బల్లకు ఎదురు బల్ల నాది. ఇప్పుడు చెప్పబోయే వాటిలో కొన్ని నా కళ్ళెదుట జరిగాయి, మిగతావి మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పుకుంటున్నప్పుడు ఆమె చెప్పింది.

కార్డులక్కతో మాట్లాడాలంటే నోరు దగ్గర పెట్టుకుని మాట్లాడాలి. “నీరసంగా ఉందక్కా” అంటే, “నీరసమా, బద్ధకమా?” అని అడిగేది. “ఇప్పుడే వస్తాను” అని వెళ్ళినవాడు అరగంటకు వస్తే, ఇప్పుడు అనే మాటకు అరగంట అర్థం ఏ పుస్తకంలో ఉందో చూపించమనేది. ఇంత పట్టింపు మనిషికి దేవుడు ఒంట్లో రోగమన్నది పెట్టలేదు. తలనొప్పి ఎరగదు, జలుబు ఎరగదు. జ్వరం అనే మాటకు ఆమె సొరుగులో నూటపది కార్డులున్నాయి గానీ ఒంటి మీదకు ఒక్కసారైనా వచ్చిన పాపాన పోలేదు.

ఆమె భర్త రంగుల మేస్త్రి. మామూలు గోడలకు కాదు, ఎత్తైన భవనాల బయటి గోడలకు రంగులు వేసే మేస్త్రి. పైకప్పు నుంచి తాళ్ళతో వేలాడే పలక మీద కూర్చుని, ఒక్కో అంతస్తే దిగుతూ వేసుకొస్తాడు. ఆ పని ముప్పయ్యేళ్ళుగా చేస్తున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి మోచేతుల మీది రంగును నూనెగుడ్డతో తుడుచుకుంటూ, ఆ రోజు పైనుంచి ఏమేం కనబడ్డాయో చెప్పడం అతనికి అలవాటు. “ఇవాళ మీ ఆఫీసు అగ్గిపెట్టెంత కనబడింది. నువ్వు అందులో పుల్లలాగా వంగుని రాసుకుంటున్నావు” అనేవాడు. అక్క లోపల మురిసిపోతూనే, “కిటికీలోంచి మనిషి కనబడేంత దగ్గరైతే ఆఫీసు అగ్గిపెట్టెంత ఎలా ఉంటుంది?” అని నిలదీసేది.

కథ త అక్షరం దగ్గర మొదలైంది.

మా నిఘంటువు ఒక్కో సంపుటంగా వచ్చేది. క సంపుటం అచ్చయి అప్పటికి ఆరేళ్ళు. అందులో ‘కళ్ళుతిరుగుడు’ అనే మాటకు అర్థం రాయడానికి మా ప్రధాన సంపాదకుడు, మేం పెద్దాయన అని పిలుచుకునే ఆయన, ఆ రోజు ఎందుకో బద్ధకించి, ‘తలతిరుగుడు చూ.’ అని, అంటే ఆ మాట దగ్గర చూడమని, రాసి ఊరుకున్నాడు. త సంపుటం వచ్చేదాకా పాఠకుడు ఆరేళ్ళు ఓపిక పట్టాలన్నమాట. తీరా త వచ్చాక, ఆయన రాసిన చిత్తుప్రతి నా దగ్గరకు టైపుకు వచ్చింది. అందులో ఉన్నది ఇది: ‘తలతిరుగుడు: కళ్ళుతిరుగుడు చూ.’

నేను చదివి నవ్వు ఆపుకోలేక కాగితాన్ని అక్క బల్ల మీద పెట్టాను. ఆమె నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని, నేరుగా పెద్దాయన గదిలోకి వెళ్ళింది.

“ఇది చదివినవాడు ఆ పుస్తకం తీసి ఈ పుస్తకం తీసి, వాడికి నిజంగానే తల తిరుగుతుందండీ.”

పెద్దాయన కాగితం చూసి గతుక్కుమన్నాడు. అయితే సంపాదకుడు పట్టుబడ్డట్టు కనబడకూడదు కదా. “తల తిరగడమంటే తల తిరగడమేనమ్మా. చిన్నపిల్లలకి కూడా తెలుసు. అయినా అంత పట్టుదలగా ఉంటే మీరే రాసి పట్రండి చూద్దాం” అన్నాడు.

ఆమె సొరుగు లాగింది. తలతిరుగుడుకు నలభై ఏడు కార్డులున్నాయి. అన్నీ తను రాసినవే. ఆ మధ్యాహ్నం వాటిని బల్ల మీద పేకముక్కల్లా పరిచి, కుప్పలు కట్టింది. ఒక్క కుప్ప అంతకంతకూ పెరిగిపోతుంటే నేను నా మిషను ఆపి చూడసాగాను. అందులో ఇరవై రెండు కార్డులున్నాయి. అన్నీ నవలల్లోవి. ఇరవై రెండింటిలోనూ నాయికకు తల తిరుగుతుంది. బిందె ఎత్తుతూ ఒకామె, పువ్వులు గుచ్చుతూ ఒకామె, మొగుడి మీద అలిగి మెట్లు దిగుతూ ఒకామె. ఇరవై రెండు మందీ కడుపుతో ఉన్నవాళ్ళే! డాక్టరు వచ్చేలోపే అత్తగారు నవ్వుతుంది. పాఠకుడికి అత్తగారి కంటే ముందే తెలుసు.

“ఇన్ని నవలల్లో ఒక్కామెకైనా పైత్యం చేసి తల తిరగలేదే!” అంది అక్క నిజమైన బాధతో.

మిగతా వాటిలో పదకొండు కార్డుల్లో ధర విన్నవాళ్ళకో, చావుకబురు విన్నవాళ్ళకో తిరిగింది. తొమ్మిదింటిలో తలతిరుగుడంటే పొగరు. “ఏంట్రా తలతిరుగుడు సమాధానాలు?” అని ఎవరో ఎవర్నో గదమాయించడమే. మిగిలిన అయిదింటిలో నాయకుడికి నాయికను చూడగానే తిరిగింది, ఆ తర్వాత పెళ్ళయింది, తిరగడం మానేసింది. ఇంతమంది తలలు ఇన్ని కారణాలకు తిరిగాయి గానీ, తిరుగుతున్నప్పుడు ఎలా ఉందో ఒక్కరూ చెప్పలేదు. అందరూ ఆ మాట అనేసి కింద పడిపోయారు.

ఆమె నన్ను అడిగింది. “తిరిగినట్టు ఉంటుందక్కా” అన్నాను. ఆమె నాకేసి చూసిన చూపుకు నేను మళ్ళీ మిషను మీదకు వంగాను.

ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర మేస్త్రి చేతులు తుడుచుకుంటున్నాడు. అక్క పెన్నూ కార్డూ పట్టుకుని ఎదురుగా కూర్చుంది. మూలన కుర్చీలో అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది.

“ఏవండీ, తల తిరగడమంటే ఎలా ఉంటుంది?”

మేస్త్రి చేతిలో గుడ్డ ఆగింది. “ఏం, నీకు తిరుగుతోందా?”

“నాకెందుకు తిరుగుతుంది? ఆఫీసు పని. అంతెత్తు మీద ఉంటారు కదా, మీకు తెలుస్తుందని అడుగుతున్నా.”

“నాకా? తాడు గాలికి ఊగినా నాకు తిరగదు. ముప్పయ్యేళ్ళ పని!” అని నవ్వేసి, గుడ్డ మడతపెడుతూ, “మా వాళ్ళలో ఒకడికి వచ్చింది, పాపం” అన్నాడు.

“అతనేమన్నాడో అతని మాటల్లోనే చెప్పండి. మీ సొంతం కలపకండి.”

“ఎత్తుతో పన్లేదట. పొద్దున్నే మంచం మీద ఎడం పక్కకి దొర్లుతాడట. అంతే. గది గుండ్రంగా తిరుగుతుందంటారు గానీ తిరగదు, అది అందరూ తప్పు చెప్తారు. ఒకే పక్కకి జారుతుంది. కిటికీ చువ్వలు ఒకదాని వెనక ఒకటి పోతా ఉంటాయి, రైలుపెట్టెల్లాగ. ఆ వంకర చువ్వ చివరిదాకా పోయి, చటుక్కున మళ్ళీ మొదటికొచ్చేస్తుంది. మళ్ళీ బయల్దేరుతుంది. మంచం కదల్లేదని మనిషికి తెలుసు. తెలిసినా రెండు చేతుల్తో మంచంపట్టె పట్టుకుంటాడు. కళ్ళు మూసుకుంటే మరీ ఘోరం, లోపల తిరుగుతుంది. ముప్పై లెక్కపెట్టేసరికి ఆగిపోతుంది. ఆగాక వికారం. వికారం కంటే ఎక్కువ సిగ్గు.”

“సిగ్గెందుకు?”

“గోడలెక్కేవాడు కదా మరి” అని మేస్త్రి లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

కార్డు రెండు వైపులా నిండిపోయింది. నలభై ఏడు కార్డుల్లో దొరకనిది వంటింట్లో దొరికినందుకు ఆమె ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు ఆఫీసులో ఆ కార్డును చక్కగా తిరగరాస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. పెన్ను ములికి కాగితం మీదే ఉండిపోయి సిరా చుక్క పెరుగుతోంది. అక్క కార్డు మీద నేను సిరా మరక చూడడం అదే మొదలు.

“ఏమైందక్కా?”

“‘ఒక వంకర చువ్వ’ అనలేదే. ‘ఆ వంకర చువ్వ’ అన్నారు.”

“అంటే?”

“‘ఆ’ అన్నామంటే వినేవాళ్ళకి కూడా తెలిసిందని అర్థం. ఎవడో మేస్త్రి ఇంటి కిటికీ నాకెలా తెలుస్తుంది?” ఆమె గొంతు తగ్గింది. “మా పడకగదిలోకి బీరువా ఎక్కించేటప్పుడు తగిలి ఒక చువ్వ వంగింది. పదేళ్ళయింది. ఆ చువ్వే ఇది.”

మొగుడి జేబులో ఉత్తరాలు వెతికి గుట్టు పట్టిన ఆడవాళ్ళ గురించి విన్నాను. రెండక్షరాలు కూడా లేని మాటతో పట్టుకున్న మనిషిని ఈమెనే చూశాను. ఆ రోజు ఆమె ఇంకొక్క కార్డు రాయలేదు. నాలుగింటికే సెలవు చీటీ పెట్టి ఇంటికి వెళ్ళింది.

మేస్త్రి వచ్చేసరికి అదే బల్ల, అదే కార్డు.

“నిన్న చెప్పిన దాన్లో కొన్ని సందేహాలున్నాయి. ఆ మనిషి పెళ్ళాం పక్కనే పడుకుంటుందా?”

“పడుకుంటుంది.”

“మరి ఆవిడ గమనించలేదా?”

“ఆవిడకి పుస్తకాల ధ్యాస” అనేశాడు మేస్త్రి. అనేసి నాలుక్కరుచుకున్నాడు.

మూలనున్న అత్తగారు కళ్ళు తెరవకుండానే అందుకుంది. “మూడు నెల్లుగా వాడు గోడ పట్టుకుని లేస్తున్నాడమ్మా. వాడు చెప్తాడని నేనూ, నేను చెప్తానని వాడూ ఊరుకున్నాం. నీకేమో పుస్తకంలో వాళ్ళు పడితేనే కనబడుతుంది.”

కార్డులక్కకు ఏడుపొచ్చింది. అది కోపమా, భయమా, అవమానమా అని తనను తాను అడుక్కోలేదు. అలా అడుక్కోకుండా ఏడవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారని తర్వాత నాతో చెప్పింది.

“మూడు నెల్లుగా అలాంటి తలతో తాళ్ళ మీద వేలాడుతున్నారా? పడితే ఏం మిగులుతుంది?”

మేస్త్రి బిక్కచచ్చిపోయాడు. “వేలాడ్డంలేదే. రెండోసారి వచ్చిన రోజే దిగిపోయాను. కింద ప్రహరీ గోడకి వేస్తున్నా.”

“మరి రోజూ పైనుంచి అది కనబడింది, ఇది కనబడింది అని చెప్తున్నారు?”

“పాతవే చెప్తున్నా. అడుగుతావు కదా ఏం కనబడ్డాయని.”

“మొన్న చెరువులో పడవ తిరగబడిందన్నారు!”

“అది అయిదేళ్ళ కిందటిది. అప్పుడు నీకు చెప్పడం మర్చిపోయా.”

అక్క ముక్కు తుడుచుకుంటూనే నవ్వేసింది. ఇన్నాళ్ళూ మనిషి ప్రహరీ గోడ పక్కన బకెట్టు పెట్టుకుని కూర్చుని, సాయంత్రానికి చెప్పాల్సిన ఆకాశం గురించి ఆలోచించుకున్నాడన్నమాట. తోటి పనివాళ్ళకు ముందే తెలుసు. ఎవరూ పైకి అనలేదు. ప్రహరీ గోడకు ముగ్గురు సరిపోయే చోట నలుగుర్ని రాసి ఇతన్ని కలుపుకున్నారు.

మర్నాడు చెవి డాక్టరు దగ్గరకు బయల్దేరారు. “తిరిగేది తలైతే చెవి డాక్టరెందుకు?” అని మేస్త్రి దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. డాక్టరు ఒక నడివయసు ఆవిడ. అంతా విని, చెవి లోపల ఒళ్ళు తూలకుండా చూసే చోట ఇసకరేణువుల్లాంటివి ఉంటాయనీ, అవి తమ చోటు వదిలి పక్క గొట్టంలోకి జారితే ఇలా అవుతుందనీ, తల సరిగ్గా తిప్పితే మళ్ళీ చోటుకు చేరతాయనీ చెప్పింది. తర్వాత మేస్త్రిని బల్ల మీద కూర్చోబెట్టి, తల ఎడమకు తిప్పి, చటుక్కున వెనక్కు పడుకోబెట్టింది.

“అమ్మో, మొదలైంది!” అని మేస్త్రి బల్ల అంచు పట్టుకున్నాడు.

“కళ్ళు మూసుకోకండి. అమ్మా, మీరిటొచ్చి ఆయన కళ్ళు చూడండి.”

అక్క వంగి చూసింది. మేస్త్రి కనుపాపలు రెండూ మెల్లగా ఒక పక్కకు మెలితిరుగుతూ జారి, చటుక్కున వెనక్కు వచ్చి, మళ్ళీ జారుతున్నాయి.

“తిరుగుతున్నాయి!” అని అరిచింది ఆమె. “ఏవండీ, మీ కళ్ళు నిజంగానే తిరుగుతున్నాయి!”

“అదే కదా మూణ్ణెల్ల నుంచి నా గోల!”

“అది కాదండీ. కళ్ళు తిరగడమంటే ఉత్త మాట వరసకి అంటారనుకున్నాను. ఉన్నదున్నట్టే అన్నారు! మొదట ఆ మాట అన్నవాళ్ళు ఎవరో దగ్గరగా వంగి చూశారు.” ఆమె డాక్టరు వైపు తిరిగింది. “ఇంకొక్కసారి చూపిస్తారా? ఏ పక్కకో సరిగ్గా గమనించలేదు.”

“నీ పుస్తకం కోసం నేను మళ్ళీ తిరగాలా?” అన్నాడు మేస్త్రి బల్ల మీద నుంచే.

డాక్టరు నవ్వాపుకుంటూ, ఎలాగూ ఇంకోసారి చెయ్యాల్సిందేనని చెప్పింది. తల కుడికి తిప్పి కాసేపు, మనిషిని పక్కకు దొర్లించి కాసేపు ఉంచి లేపి కూర్చోబెట్టింది. వారంలో మూడుసార్లు వెళ్ళారు. మూడోసారి వెళ్ళొచ్చిన మర్నాడు పొద్దున మేస్త్రి ఎడమ పక్కకు దొర్లాడు. చువ్వలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అయితే మళ్ళీ ఎప్పుడైనా రావచ్చనీ, తాళ్ళ పని మాత్రం వద్దనీ డాక్టరు గట్టిగా చెప్పింది. మేస్త్రి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు లోపలి గోడల పనికి ఒప్పుకున్నాడు.

ఇక ఆఫీసులో అసలు యుద్ధం. అక్క పదకొండు వాక్యాల అర్థం రాసి, కింద నలభై ఎనిమిదో కార్డు జతచేసి పెద్దాయన ముందు పెట్టింది. ఆధారం అన్న చోట ‘మౌఖికం, రంగుల మేస్త్రి, వయసు 52’ అని రాసింది.

“బాగుందమ్మా. చాలా బాగుంది. కానీ అచ్చులో లేనిది నాకు లేనట్టే. ఇన్ని సంపుటాలుగా అదే పద్ధతి.”

“అచ్చులో ఉన్నవాళ్ళెవరికీ తిరగలేదండీ. తిరిగినాయన అచ్చులో లేడు.”

“అది మన తప్పు కాదు కదా.”

వాదన మూడు రోజులు సాగింది. గది తలుపు తెరిచే ఉండేది గనక హాలంతా వినేది. చివరకు ఒక ఒప్పందానికి వచ్చారు. ఉదాహరణలు అచ్చులోంచే ఇవ్వాలి. అర్థం మాత్రం సంపాదకుడి సొంత మాట గనక, అందులో మేస్త్రి చెప్పినది వాడుకోవచ్చు. పదకొండు వాక్యాలూ ఒక్క వాక్యానికి తగ్గాయి. రైలుపెట్టెలు పోయాయి. సిగ్గు పోయింది. అక్క వారం రోజులు పెద్దాయనతో ముక్తసరిగానే మాట్లాడింది.

మూడో అర్థం దగ్గర మాత్రం ఆమె వదల్లేదు. చిత్తుప్రతిలో తన చేత్తో ‘3. (నవలలలో) గర్భసూచన’ అని రాసింది. పెద్దాయన ఎర్రసిరాతో కొట్టేశాడు.

“తలతిరుగుడుకి గర్భమని అర్థమేమిటమ్మా? నవ్వుతారు.”

ఆమె ఇరవై రెండు కార్డులూ తెచ్చి, ఒక్కొక్కటే ఆయన ముందు పెట్టడం మొదలెట్టింది. “ఇది అచ్చులో ఉంది. ఇదీ అచ్చులో ఉంది. ఇదీ...” పద్నాలుగో కార్డు దగ్గర పెద్దాయన చేతులెత్తేశాడు. ఆ పేజీ టైపు చేసిన భాగ్యం నాదే:

‘తలతిరుగుడు: నా. 1. తాను కదలకున్నను తన చుట్టునున్నవి ఒక దిక్కుగా జారి మరల మొదటికి వచ్చుచున్నట్లు తోచుట. 2. గర్వము. 3. (నవలలలో) గర్భసూచన.’

సంపుటం అచ్చయి వచ్చిన రోజు అక్క ఒక ప్రతి ఇంటికి తీసుకెళ్ళి మేస్త్రికి చదివి వినిపించింది. అత్తగారు మూడో అర్థం రెండుసార్లు చదివించుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మేస్త్రి మాత్రం మొదటి దాని దగ్గరే ఆగాడు.

“తోచుట ఏంటి? తోచడం కాదు. తిరుగుతాయి.”

“నిజంగా తిరగవండీ. డాక్టరు చెప్పింది కదా.”

“ఆవిడ బల్ల పక్కన నించుంది. పడుకున్నది నేను.”

అక్క ఆ మాట కూడా ఒక కార్డు మీద రాసుకుంది. ఏ సొరుగులో వేయాలో తెలియక చాలా రోజులు బల్ల మీదే ఉంచుకుంది.

ఆ మరుసటి ఏడు మా ఆఫీసు హాలులో సొరుగులు లేని గోడకు రంగులు వేయించాల్సి వచ్చింది. పని మేస్త్రికే ఇచ్చారు. నాలుగు మెట్ల నిచ్చెన మాత్రమే అవసరమయ్యే గోడ అది. మొదటి రోజు అతను నిచ్చెన మీద రెండో మెట్టు ఎక్కాడో లేదో, పెద్దాయన గదిలోంచి వచ్చి, పంచె ఎగ్గట్టుకుని నిచ్చెన రెండు చేతులా పట్టుకున్నాడు.

“వద్దు సార్, రంగు పడుతుంది. నాకిప్పుడేం తిరగట్లేదు.”

“పర్వాలేదయ్యా” అన్నాడు పెద్దాయన. “ఒక మాట అడగాలి. అది వచ్చే ముందు ఏమైనా తెలుస్తుందా, లేక ఉన్నట్టుండి వస్తుందా?”

మేస్త్రి కిందికి చూసి, బ్రష్షు డబ్బా అంచుకు ఆనించి, చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం దాకా చెప్పాడు. పెద్దాయన భుజం మీద తెల్లరంగు బొట్లు బొట్లుగా రాలుతూనే ఉంది. కార్డులక్క తన బల్ల దగ్గర తల ఎత్తలేదు గానీ, ఆమె చేతిలో పెన్ను మాత్రం గబగబా కదలడం నేను చూశాను.